బూత్ దగ్గరే రుజువు: వెనెజువెలా 2024 ఎన్నికలో ఫలితాల పత్రాలను కాపాడిన తీరు - ఒక కేస్ స్టడీ

ఎన్నికల సంఘం అధికార పక్షం చేతిలో ఉంది. కోర్టు కూడా అంతే. బయటి పరిశీలకుల్ని రానివ్వడం లేదు. అలాంటి చోట ఓట్ల లెక్కను కాపాడటానికి ఏం చేయగలం? ఎన్నికల పరిశీలన రంగంలో పనిచేసేవాళ్లకి ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ ఎదురవుతోంది. వెనెజువెలాలో 2024 జూలై 28న జరిగిన అధ్యక్ష ఎన్నికలో దీనికి చాలా వివరమైన జవాబు ఒకటి దొరికింది. అది పూర్తి జవాబు కాదు. ఎక్కడిదాకా పనిచేసిందో, ఎక్కడ ఆగిపోయిందో రెండూ చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను.

ప్రజా జీవితంలో ఉన్న నాయకుల పేర్లు మాత్రమే ఇచ్చాను. ఏజెంట్లు, స్కానింగ్ చేసినవాళ్లు, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు, కాగితాలు చేరవేసినవాళ్ల పేర్లు, ఊళ్లు, దారులు కావాలనే వదిలేశాను. పద్ధతి గురించి రాసినచోట, ఏ దేశంలోనైనా పనికొచ్చే సాధారణ రూపంలోనే రాశాను.

నేపథ్యం

వెనెజువెలాలో 2004 నుంచి ఓటింగ్ యంత్రాల మీదే జరుగుతోంది. ఓటరు ఓటేయగానే యంత్రం చీటీ ఇస్తుంది. ఓటరు అది చూసుకుని పెట్టెలో వేయాలి. పోలింగ్ ముగిశాక యంత్రం ఆ బూత్ ఫలితాన్ని పొడవాటి రసీదు లాంటి కాగితం మీద అచ్చువేస్తుంది. దాన్ని ఆక్తా అంటారు. ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో, ఏ పార్టీ గడిలో ఎన్ని పడ్డాయో అందులో ఉంటుంది. బూత్ సిబ్బంది, అభ్యర్థుల ఏజెంట్లు దాని మీద సంతకాలు పెడతారు. ఏజెంట్లకి కాపీ ఇవ్వాలన్నది చట్టం. ఆ తర్వాత సగానికి పైగా బూత్‌లను లాటరీలో ఎంచి, పెట్టెలు తెరిచి, చీటీలు అందరి ముందు లెక్కపెట్టి ఆక్తాతో సరిచూసే ఏర్పాటు కూడా ఉంది.

మన దగ్గర పోలింగ్ ఏజెంటు చేతికొచ్చేది ఫారం 17సీ. అందులో ఆ బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో ఉంటుంది. ఎవరికెన్ని అన్నది కౌంటింగ్ రోజు దాకా తెలియదు. వెనెజువెలాలో అభ్యర్థుల వారీ ఫలితం అదే సాయంత్రం, అదే గదిలో కాగితం మీదికి వస్తుంది. ఈ కేసు మొత్తం ఆ ఒక్క తేడా మీద నడిచింది.

యంత్రాల వ్యవస్థ ఇంత పకడ్బందీగా ఉన్నా దాని చుట్టూ ఉన్న సంస్థలు ఒక్కొక్కటే కూలిపోతూ వచ్చాయి. 2015 డిసెంబరులో ప్రతిపక్షం పార్లమెంటు గెలిచింది. 2017లో సుప్రీం ట్రిబ్యునల్, అంటే అక్కడి అత్యున్నత న్యాయస్థానం, ఆ పార్లమెంటు అధికారాలను లాక్కోబోయింది. అదే ఏడాది జూలైలో రాజ్యాంగ సభకు ఎన్నికలు పెట్టారు. అందులో ప్రకటించిన పోలింగ్ సంఖ్యలో కనీసం 10 లక్షల తేడా ఉందని యంత్రాలు సరఫరా చేసిన స్మార్ట్‌మాటిక్ సంస్థే బహిరంగంగా చెప్పింది, తర్వాత దేశం వదిలి వెళ్లింది. 2018 అధ్యక్ష ఎన్నికను ప్రధాన ప్రతిపక్షాలు బహిష్కరించాయి.

వీటి మధ్య పెద్దగా ఎవరూ పట్టించుకోని సంఘటన ఒకటుంది. 2017 అక్టోబరులో బొలీవార్ రాష్ట్ర గవర్నర్ ఎన్నికలో ఓడినట్టు ప్రకటించిన ప్రతిపక్ష అభ్యర్థి కొన్ని బూత్‌ల ఆక్తాలు బయటపెట్టాడు. వాటిలోని అంకెలూ ఎన్నికల మండలి వెబ్‌సైటులోని అంకెలూ కలవలేదు. ఫలితం మారలేదు. కానీ రోగం ఎక్కడుందో తేలిపోయింది. బూత్‌లో యంత్రం సరిగానే లెక్కపెడుతోంది, అంకె మారుతున్నది బూత్ నుంచి ప్రకటన దాకా ఉన్న దారిలో. ఈ నిర్ధారణ లేకపోతే 2024 పథకమే లేదు.

ఎదురైన సమస్య

2023 అక్టోబరు 17న ప్రభుత్వం, ప్రతిపక్ష కూటమి బార్బడోస్‌లో ఒప్పందం చేసుకున్నాయి. 2024 ద్వితీయార్ధంలో ఎన్నిక, విదేశీ పరిశీలకులు, ఓటర్ల జాబితా సవరణ - ఇవి అందులోని ముఖ్యాంశాలు. మర్నాడే అమెరికా చమురు మీద ఆంక్షలు కొంత సడలించింది. అక్టోబరు 22న ప్రతిపక్షం ప్రభుత్వ యంత్రాంగం సాయం లేకుండా సొంతంగా ప్రైమరీ, అంటే తమ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక, జరుపుకుంది. మరియా కొరీనా మచాదో 90 శాతానికి పైగా ఓట్లతో గెలిచింది.

అక్కడినుంచి తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. 2024 జనవరిలో మచాదో పోటీ చేయకూడదన్న అనర్హతను ట్రిబ్యునల్ ఖరారు చేసింది. ఆమె స్థానంలో పెట్టిన ప్రొఫెసర్ నామినేషన్ వేద్దామంటే ఆన్‌లైన్ వ్యవస్థ లోపలికే రానివ్వలేదు. చివరికి పెద్దగా ఎవరికీ తెలియని రిటైర్డ్ దౌత్యవేత్త ఎడ్ముండో గొంజాలెజ్ పేరు నిలబడింది. ఏప్రిల్లో అమెరికా సడలింపును వెనక్కి తీసుకుంది. మే నెలాఖరున యూరోపియన్ యూనియన్ పరిశీలకులకిచ్చిన ఆహ్వానాన్ని ఎన్నికల మండలి రద్దు చేసింది. మిగిలింది ఎన్నికల్ని పరిశీలించే అమెరికా సంస్థ కార్టర్ సెంటర్ చిన్న బృందం, ఐక్యరాజ్యసమితి పంపిన నలుగురు నిపుణులు. బ్యాలెట్ తెర మీద అప్పటి అధ్యక్షుడు నికోలస్ మదురో బొమ్మ 13 చోట్ల కనిపించింది.

ఇక మిగిలిన ప్రశ్న: అధికారికంగా ప్రకటించే అంకె అబద్ధమైతే, అది అబద్ధమని ఎవరు, దేనితో, ఎంత త్వరగా చూపించగలరు?

ప్రయత్నించినవి, ఫలించనివి

ముందు అందరూ ఎక్కువగా నమ్ముకున్నవి బయటినుంచి వచ్చే ఒత్తిడి మార్గాలే. ఆంక్షల సడలింపుని ఎరగా వాడారు. అనర్హత ఎత్తేస్తే సడలింపు, లేకపోతే మళ్లీ ఆంక్షలు అన్నది లెక్క. ఇది ఎన్నిక తేదీ తెచ్చింది కానీ అభ్యర్థిని తేలేదు. కారణం స్పష్టంగానే ఉంది. గెలిచే అభ్యర్థిని నిలబడనిస్తే అధికారం పోతుంది, ఆంక్షలొస్తే డబ్బు పోతుంది. ఈ రెంటిలో పాలకులు ఏది ఎంచుకుంటారో ముందే ఊహించాల్సింది.

విదేశాల్లో ఉన్న ఓటర్ల నమోదు ఇంకా ఘోరంగా దెబ్బతింది. దేశం వదిలిపోయినవాళ్లు 70 లక్షలకు పైనే. విదేశాల్లో ఓటు వేయడానికి నమోదైనవాళ్లు దాదాపు 69 వేలు. కాన్సులేట్లు కొన్నిచోట్ల తెరవలేదు, తెరిచినచోట శాశ్వత నివాస పత్రాలు అడిగారు. ఇక్కడ ఎంత శ్రమ పెట్టినా ఫలితం లేదని ముందే గుర్తించి, ఆ మనుషుల్ని, ఆ సమయాన్ని లోపలి బూత్‌ల వైపు తిప్పడం సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

విదేశీ పరిశీలన మీద ఒక మాట. పరిశీలకులు వస్తే మంచిదే. కానీ పరిశీలక బృందం ఒక నమూనా మాత్రమే చూస్తుంది. పైగా దాని ఉనికి ఆతిథ్య ప్రభుత్వం ఇచ్చే అనుమతి మీద ఆధారపడి ఉంటుంది. ఒక్క ఉత్తరంతో ఆ అనుమతి పోతుంది, పోయింది కూడా. దేశంలో ఉన్న పౌరుల్ని మాత్రం ఏ ఉత్తరంతోనూ వెనక్కి పంపలేరు. సహాయం చేసే సంస్థలు డబ్బు, శిక్షణ, సమయం దేనిమీద పెట్టాలో ఇక్కడే తేలిపోతుంది.

కీలక నిర్ణయం: నమూనానా, మొత్తమా?

ఇలాంటి చోట సాధారణంగా వాడే పద్ధతి సమాంతర ఓట్ల లెక్క. దేశమంతటా యాదృచ్ఛికంగా కొన్ని వందల నుంచి వెయ్యీ పదిహేను వందల బూత్‌లు ఎంచి, అక్కడ ఫలితం అందగానే ఫోన్ సందేశం ద్వారా పంపించి, మొత్తం ఫలితాన్ని ఒకటి రెండు శాతం అటూ ఇటూగా అంచనా వేస్తారు. 1988లో చిలీ ప్రజాభిప్రాయ సేకరణలో, 1991లో జాంబియా ఎన్నికలో ఈ తరహా పద్ధతి గొప్పగా పనిచేసింది. ఖర్చు తక్కువ, ఫలితం అదే రాత్రి వస్తుంది.

అయితే నమూనా లెక్కకి ఒక బలహీనత ఉంది. అది గణాంక శాస్త్రం తెలిసినవాళ్లని ఒప్పిస్తుంది. నా బూత్‌లో ఏమైంది అని అడిగే మామూలు ఓటరుకి చూపడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. ఎంచిన బూత్‌లు ఏవో బయటికి పొక్కితే అక్కడి ఏజెంట్లని ముందే అడ్డుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, నమూనా ఒక అంచనా కాబట్టి 'మీ అంచనా తప్పు, మా లెక్క ఒప్పు' అని ప్రభుత్వం తేలిగ్గా కొట్టిపారేస్తుంది.

వెనెజువెలా ప్రతిపక్షం రెండో దారి పట్టింది. దేశంలో ఉన్న 30,026 బూత్‌లలో వీలైనన్నిటి ఆక్తాలు, కాగితం రూపంలోనే సేకరించాలని నిర్ణయించింది. కష్టం చాలా రెట్లు ఎక్కువ. కానీ సంతకాలున్న అసలు పత్రం అంచనా కాదు, ప్రభుత్వ యంత్రమే అచ్చువేసిన ఫలితం. దాన్ని కాదనాలంటే ప్రభుత్వం తన దగ్గరున్న అదే బూత్ పత్రాన్ని బయటపెట్టాలి. అంటే రుజువు చూపే భారం అవతలి పక్షం మీదికి మళ్లుతుంది. నమూనా లెక్కను వదిలేయలేదు. విడిగా పరిశోధకుల బృందమొకటి నమూనా పద్ధతిలోనూ లెక్కించింది. గొంజాలెజ్‌కి 66 శాతం దరిదాపుల్లో ఓట్లు తేలాయి. రెండు వేర్వేరు పద్ధతులు ఒకే చోటికి రావడం పెద్ద బలం. ఎవరైనా చేయగలిగితే రెండూ చేయాలి.

పని ఎలా సాగుతుంది

పథకంలో మొదటి మెట్టు ఏజెంటు. బూత్‌కి ఒక ఏజెంటు చాలడు. ఉదయం ఆరింటి నుంచి రాత్రి దాకా ఒకే మనిషి కూర్చోలేడు, అనారోగ్యం, బెదిరింపు, గుర్తింపు కార్డులో అక్షరం తప్పు - ఏదో ఒకటి వస్తుంది. కనీసం ఒక అసలు, ఒక మారు. గది బయట ఇంకొక మనిషి. అతని పని ఒక్కటే: ఆక్తా బయటికి రాగానే అందుకుని తీసుకెళ్లడం. ఊళ్లలో బంధువులు, ఇరుగుపొరుగు కలిసి ఏర్పరుచుకున్న చిన్న బృందాల మీద ఈ వ్యవస్థ నిలబడింది. జట్టు చిన్నదైతే ఒకరినొకరు ముఖాముఖి ఎరిగి ఉంటారు, చొరబాటు కష్టం. ఒకరు పట్టుబడినా మిగతా జట్ల గురించి చెప్పడానికి అతనికి ఏమీ తెలియదు.

రెండో మెట్టు శిక్షణ. ఏజెంటుకి చట్టమంతా నేర్పడం వృథా. నేర్పాల్సింది క్రమం. పోలింగ్ ముగింపు ప్రకటన వినాలి, వరుసలో ఇంకా ఓటర్లుంటే బూత్ మూయకూడదు. ఆక్తా అచ్చయ్యాకే ఫలితం ప్రసారం కావాలి. ముందు ప్రసారం చేసి తర్వాత అచ్చువేస్తామంటే ఒప్పుకోకూడదు, అభ్యంతరం రాతలో పెట్టాలి. కాపీ ఇవ్వమంటే ఏ నిబంధన ప్రకారం అడగాలో ఒక చిన్న కార్డు మీద రాసి జేబులో ఉండాలి. ఇవ్వకుండా గెంటేస్తే వాదనకి దిగొద్దు, గోడకి అంటించిన ఆక్తా ఉంటే ఫోటో తీయాలి, సమయం రాసుకోవాలి, బయటికి రావాలి. 2024లో కొన్ని కేంద్రాల్లో ఏజెంట్లని లోపలికే రానివ్వలేదు, కొన్నిచోట్ల కాపీ నిరాకరించారు. అన్ని బూత్‌ల పత్రాలూ చేతికి రాకపోవడానికి కారణం ఇదే.

మూడో మెట్టు కాగితం. ఇక్కడ చిన్న తప్పులే పెద్ద నష్టం తెస్తాయి. పొడవాటి పత్రాన్ని ఒకే ఫోటోలో ఇరికిస్తే అంకెలు మసకబారతాయి. పైనుంచి కిందికి మూడు నాలుగు ఫోటోలు, ఒక్కోటి ముందుదాని మీద కొంచెం కలిసేలా తీయాలి. పత్రం మడత అంకెల మీద గానీ, క్యూఆర్ కోడ్ మీద గానీ పడకూడదు. రసీదుల్లో వాడే థర్మల్ కాగితమైతే వేడికి, ఎండకి, ప్లాస్టిక్ కవర్లకి అచ్చు మాసిపోతుంది. కాగితపు కవరులో చదునుగా పెట్టి, నీడలో ఉంచి, వీలైనంత తొందరగా స్కాన్ చేయాలి. ఫోన్ ఫోటో వెంటనే పంపడం కోసం, స్కాన్ రుజువు కోసం, కాగితం చివరి సాక్ష్యం కోసం. మూడింటికీ వేర్వేరు దారులుండాలి, ఒకటి తెగినా మిగతావి నిలవాలి.

ఆక్తా మీది క్యూఆర్ కోడ్ ఈ కేసులో అసలైన వరం. అందులో కేంద్రం కోడ్, బూత్ సంఖ్య, గడుల వారీగా ఓట్లు, యంత్రం పెట్టిన గుర్తు సంకేతం ఉంటాయి. చేత్తో అంకెలు ఎక్కిస్తే పొరపాట్లు తప్పవు, ఒకే పత్రాన్ని ఇద్దరు విడివిడిగా ఎక్కించి పోల్చాలి. క్యూఆర్ చదివితే ఆ శ్రమంతా పోతుంది. పైగా కోడ్‌లోని అంకెలూ కాగితం మీది అంకెలూ కలవాలి కాబట్టి మార్చిన పత్రం పట్టుబడుతుంది. ఒక్క బూత్ పత్రాన్ని నకిలీ చేయొచ్చేమో. వేల పత్రాలను, బూత్ సంతకాలతో, కోడ్‌లతో, అక్కడి ఓటర్ల సంఖ్యకు లోబడి, ఒక్క రోజులో పొంతన కుదిరేలా తయారు చేయడం జరిగే పని కాదు.

వచ్చిన ప్రతి బొమ్మకీ చేయాల్సిన పరీక్షలు: బూత్ కోడ్ అధికారిక జాబితాలో ఉందా, అదే బూత్ రెండుసార్లు వచ్చిందా, మొత్తం ఓట్లు నమోదైన ఓటర్ల కంటే ఎక్కువయ్యాయా, గడుల కూడిక సరిపోయిందా. ఫైలు అందగానే దాని హ్యాష్ విలువ (ఫైలులో ఏ చిన్న మార్పు జరిగినా మారిపోయే డిజిటల్ వేలిముద్ర) నమోదు చేసి, ఆ జాబితాను కనీసం రెండు దేశాల్లోని సర్వర్లలో ఉంచాలి. ఈ పనికి ముందు రోజుల్లో కసరత్తు తప్పదు. నిజమైన పత్రాలు లేవు కాబట్టి పాత ఎన్నిక ఆక్తాల నమూనాతో, నెట్ ఆపేసి, కరెంటు ఆపేసి ప్రయత్నించి చూడాలి. ఎన్నిక రాత్రి నెట్ ఉంటుందన్న నమ్మకంతో ఏ ఒక్క మెట్టూ కట్టకూడదు.

ఆ రాత్రి, తర్వాతి లెక్కలు

అర్ధరాత్రి దాటాక ఎన్నికల మండలి అధ్యక్షుడు 80 శాతం బూత్‌ల ఫలితమని చెప్పి మదురోకి 51,50,092, గొంజాలెజ్‌కి 44,45,978, మిగతా అభ్యర్థులకి కలిపి 4,62,704 ఓట్లు ప్రకటించాడు. ఫలితం ఇక మారదన్నాడు. తేడా 7 లక్షలు. లెక్కించాల్సిన 20 శాతం బూత్‌లలో అదే దామాషాలో 25 లక్షల ఓట్లుంటాయి. మారదు అనడానికి లెక్క సరిపోదు.

ఆ అంకెల్లో ఇంకో విచిత్రం ఉంది. మొత్తం 1,00,58,774. దాంట్లో 51.2 శాతం తీస్తే 51,50,092. 44.2 శాతం తీస్తే 44,45,978. దశాంశం తర్వాత ఒక్క అంకె దగ్గర శాతాలు కచ్చితంగా ఆగిపోయాయి. కోటి ఓట్ల లెక్కలో ఒక అభ్యర్థికి ఇలా తగలడం సుమారు పదివేలలో ఒకసారి జరగొచ్చు, ఇద్దరికీ ఒకేసారి తగలడం పది కోట్లలో ఒకసారి. ముందు శాతాలు అనుకుని తర్వాత ఓట్లు రాసినట్టు కనిపిస్తుంది. ఇలాంటి ఆనవాళ్లు అనుమానానికి పనికొస్తాయి, రుజువుగా నిలవవు. ఎవరో చేతికందిన శాతాల నుంచి ఓట్లు లెక్కకట్టి చదివించారని వాదించడానికి చోటుంటుంది. ప్రపంచమంతా దీని గురించే మాట్లాడుతున్న రోజుల్లో అసలు పని ఆక్తాల దగ్గర జరుగుతోంది.

ఒకటి రెండు రోజుల్లో ప్రతిపక్షం స్కాన్ చేసిన ఆక్తాలను వెబ్‌సైటులో పెట్టింది. ఓటరు తన గుర్తింపు సంఖ్య కొడితే తన బూత్ పత్రం కనిపిస్తుంది. చివరికి 25,073 బూత్‌ల పత్రాలు, అంటే 83.5 శాతం చేరాయి. వాటి ప్రకారం గొంజాలెజ్‌కి సుమారు 73 లక్షలు, మదురోకి సుమారు 33 లక్షలు. శాతాల్లో 67, 30.

మిగతా 4,953 బూత్‌ల సంగతేంటి అన్న ప్రశ్న న్యాయమైనదే. దేశంలో నమోదైన ఓటర్లు దాదాపు 2 కోట్ల 14 లక్షలు. బూత్‌కి సగటు 713 మంది. పత్రాలు దొరకని బూత్‌లూ అదే సగటున ఉన్నాయనుకుని, ప్రతి ఓటరూ వచ్చి ప్రతి ఓటూ మదురోకే వేశాడనుకున్నా 35 లక్షలే అవుతాయి. తేడా దాదాపు 40 లక్షలు. సరిపోదు.

దీనికంటే గట్టి వాదన ఇంకొకటుంది, నాకు ఈ కేసులో అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది ఇదే. ఆగస్టు 2న మండలి 96.87 శాతం బూత్‌లతో రెండో ప్రకటన చేసింది. అందులో గొంజాలెజ్‌కి 53,26,104 ఓట్లు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ స్వతంత్రంగా 79 శాతం యంత్రాల ఆక్తాల క్యూఆర్ కోడ్‌లు చదివి లెక్కిస్తే, ఆ పత్రాల్లోనే అతనికి 68.9 లక్షలు వచ్చాయి. దొరకని పత్రాలు ఎవరి ఓట్లనైనా పెంచగలవు, ఎవరి ఓట్లనూ తగ్గించలేవు. చేతిలో ఉన్న పత్రాల్లోనే అధికారిక మొత్తం కంటే 15 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లున్నాయంటే, పత్రాలన్నా నకిలీ కావాలి, ప్రకటన అన్నా తప్పు కావాలి. మూడో అవకాశం లేదు. పత్రాలు నకిలీవని తేల్చే తాళంచెవి మండలి చేతిలోనే ఉంది: 30,026 వరుసల జాబితా ఒకటి బయటపెడితే చాలు. సైబర్ దాడి జరిగిందన్నారు. జాబితా మాత్రం రాలేదు.

కార్టర్ సెంటర్ ఎన్నిక అంతర్జాతీయ ప్రమాణాలను అందుకోలేదని రెండు రోజుల్లోనే ప్రకటించింది. ఐక్యరాజ్యసమితి నిపుణులు బహిరంగంగా ఉన్న ఆక్తాల్లో కొన్నిటిని పరిశీలించి, అసలు పత్రాలకుండే భద్రతా గుర్తులన్నీ వాటిలో ఉన్నాయన్నారు. వివరాలు ప్రచురించకుండా ఫలితం ప్రకటించడం ఇటీవలి ప్రజాస్వామ్య ఎన్నికల్లో ఎక్కడా జరగలేదన్నారు. అక్టోబరు మొదట్లో కార్టర్ సెంటర్ ప్రతినిధి అమెరికా ఖండాల దేశాల సంస్థ సమావేశంలో అసలు ఆక్తాలను చేత్తో పట్టుకుని చూపించారు. 2025 జనవరిలో ఆక్తాలను భద్రంగా ఉంచేందుకు పనామాకి అప్పగించారు.

ఆగిపోయిన చోటు

ఆగస్టు 22న సుప్రీం ట్రిబ్యునల్ మదురో గెలుపుని ధ్రువీకరించింది. సెప్టెంబరులో గొంజాలెజ్ స్పెయిన్‌లో ఆశ్రయం పొందాడు. 2025 జనవరి 10న మదురో మళ్లీ ప్రమాణం చేశాడు. రుజువు ఉంది, అయినా అప్పుడు అధికారం మారలేదు.

రుజువు ఫలితాన్ని మార్చిన దేశాలూ ఉన్నాయి. 2019 మే ఎన్నికల్లో ఆఫ్రికా దేశం మలావీలో ఫలితాల పత్రాల మీద తెల్ల దిద్దుబాటు ద్రవం పూసి అంకెలు మార్చారు. ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2020 ఫిబ్రవరి 3న ఎన్నికను రద్దు చేసింది. జూన్ 23న మళ్లీ ఎన్నిక జరిగి ప్రతిపక్ష అభ్యర్థి గెలిచాడు. 2017లో కెన్యా సుప్రీంకోర్టు కూడా అధ్యక్ష ఎన్నికను రద్దు చేసింది. ఆ దేశాల్లో రుజువు వెళ్లి చేరడానికి ఒక తలుపు ఉంది. వెనెజువెలాలో అది లేదని పథకం వేసినవాళ్లకి ముందే తెలుసు. అందుకే పత్రాలను కోర్టుకి సమర్పించడం కంటే లోకానికి చూపించడానికి తయారు చేశారు. ఆ నిర్ణయం సరైనదే. కానీ చూపించాక ఏం జరగాలి అన్నదానికి అంతే వివరమైన పథకం లేదు. బ్రెజిల్, కొలంబియా, మెక్సికో ప్రభుత్వాలు బూత్ వారీ ఫలితాలు ఇమ్మని మండలిని అడిగాయి. ఇవ్వకపోతే ఏం చేస్తామో చెప్పలేదు. గడువు లేని అభ్యర్థన అలాగే ఉండిపోయింది. ఎన్నికకి ముందే, ఏ తేదీలోగా బూత్ వారీ ఫలితాలు రాకపోతే ఎవరు ఏ చర్య తీసుకుంటారన్నది మిత్ర దేశాల మధ్య రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

అంతకంటే బాధ పెట్టే లోటు మనుషుల భద్రత. ఎన్నిక తర్వాతి రోజుల్లో 2,000 మందికి పైగా పట్టుకున్నామని మదురోయే చెప్పాడు. వాళ్లలో ఏజెంట్లున్నారు. ఆక్తా మీద పేరు, గుర్తింపు సంఖ్య, సంతకం ఉంటాయి. పత్రాన్ని నమ్మదగినదిగా చేసేవీ అవే, మనిషిని పట్టించేవీ అవే. ఈ ప్రమాదం కొత్తది కాదు. 2004 రీకాల్ (అధ్యక్షుణ్ని మధ్యలోనే దించాలా అన్న ఓటింగ్) కోసం సంతకాలు చేసిన లక్షల మంది జాబితాను పాలక పక్ష పార్లమెంటు సభ్యుడొకరు బయటపెడితే ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆ అనుభవంతోనే 2012 ప్రైమరీ తర్వాత ప్రతిపక్షం ఓటర్ల పుస్తకాలను కాల్చేసింది. అప్పుడు సాక్ష్యం వదులుకుని మనుషుల్ని కాపాడారు. 2024లో సాక్ష్యం కావాల్సి వచ్చింది, కాబట్టి మనుషులకి రక్షణ ఇంకా పెద్ద ఎత్తున కావాల్సింది.

ప్రచురించే కాపీలో పేర్లు, సంతకాలు మూసేయొచ్చు. అప్పుడు సంతకాలే లేవని అవతలివాళ్లు అంటారు. వెనెజువెలాలో ప్రభుత్వ పక్షం ఆ వాదన చేసింది కూడా. నా దృష్టిలో దీనికి దారి: బహిరంగ కాపీలో సంతకాల భాగం మూసేసి, మూయని పూర్తి ప్రతిని దాని హ్యాష్‌తో సహా ఇద్దరు ముగ్గురు విదేశీ సంస్థల దగ్గర ముందే అప్పగించడం. ఎవరైనా సందేహిస్తే ఆ సంస్థలు రహస్యంగా పరిశీలించి ధ్రువీకరిస్తాయి.

తర్వాతి కేసు చేతికొచ్చినప్పుడు

బయటి సంస్థలు చేయగలిగిన, చేయదగిన పనికి గీత ఉంది. 2005లో ఐక్యరాజ్యసమితి వేదికగా అంగీకరించిన అంతర్జాతీయ పరిశీలన సూత్రాలు, 2012 నాటి పౌర పరిశీలకుల సూత్రాలు రెండూ నిష్పాక్షికత కోసం పట్టుబడతాయి. బయటివాళ్లు ఏ పార్టీ ఏజెంటుకీ డబ్బివ్వకూడదు, పత్రాలు మోయకూడదు. పద్ధతి నేర్పొచ్చు, పరీక్షలకి సాఫ్ట్‌వేర్ రాయొచ్చు, సర్వర్ స్థలం ఇవ్వొచ్చు, బయటపడ్డ పత్రాలను స్వతంత్రంగా పరీక్షించొచ్చు. ఇవి ఏ పార్టీ అడిగినా అదే షరతులతో ఇవ్వాలి. లేకపోతే పాలకులకి విదేశీ కుట్ర అనే మాట ఉచితంగా చేతికిచ్చినట్టే.

మొదట చూడాల్సింది ఆ దేశపు ఫలితాల పత్రం. బూత్‌లోనే అచ్చవుతుందా, ఏజెంటుకి కాపీ హక్కు ఉందా, గోడకి అంటిస్తారా, కోడ్ ఉందా. ఈ నాలుగింటిలో ఏదైనా లేకపోతే ఎన్నిక తేదీ రాకముందే, పాలకులు ఇంకా ధీమాగా ఉన్న కాలంలోనే చట్టంలో చేర్చడానికి పోరాడాలి. తెలుగు పాఠకులకి ఇది తెలియని పోరాటం కాదు. అసెంబ్లీ సెగ్మెంటుకి ఒక్క కేంద్రంలోనే వీవీప్యాట్ చీటీలు లెక్కపెడుతున్నప్పుడు చంద్రబాబు నాయుడు ముందుండి 21 పార్టీలు సుప్రీంకోర్టుకి వెళ్లాయి, 2019 ఏప్రిల్ 8న కోర్టు దాన్ని ఐదుకి పెంచింది. సగం యంత్రాలు లెక్కపెట్టాలన్న కోరిక తీరలేదు, కానీ నియమం మారింది. వెనెజువెలాలో ఆక్తా కాపీ హక్కు ఇలాగే ముందే చట్టంలో ఉంది. 2024లో దాన్ని తీసేయడానికి ప్రభుత్వానికి సమయం చాలలేదో, అవసరమనిపించలేదో.

ఏజెంట్ల జాబితా తయారయ్యే రోజే వాళ్ల రక్షణ జాబితా కూడా తయారవ్వాలి. ఒక్కో జిల్లాకి ముందే ఫీజు మాట్లాడుకున్న లాయరు, అరెస్టయితే 24 గంటల్లో కుటుంబానికి అందే ఖర్చు, ఫోన్‌లోంచి ఏం చెరపాలో నేర్పిన గంట శిక్షణ, అవసరమైతే తలదాచుకోవడానికి రెండు మూడు వారాల చోటు. ఈ ఖర్చు సర్వర్ల ఖర్చు కంటే ఎక్కువే అవుతుంది. బడ్జెట్‌లో దాన్ని మొదటి వరుసలో రాయాలి. చివర మిగిలితే చూద్దామనుకుంటే ఎప్పుడూ మిగలదు.

కాగితాలకీ గడువు పెట్టుకోవాలి. స్కాన్ అయి, హ్యాష్ నమోదై, రెండు దేశాల్లో భద్రమయ్యాక అసలు ఆక్తా ఏజెంటు ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. ఎవరు తీసుకెళ్తారు, ఎక్కడికి, ఎవరి సంతకం తీసుకోకుండా ఎలా నమోదు చేస్తారు అన్నది పోలింగ్‌కి కనీసం నెల ముందు తేలిపోవాలి.